తగ్గించే చెయ్యి ఎవరిది?

కిందటేడు మా బావమరిది కారు కొంటానంటే తోడు వెళ్లాను. ముందు గుంటూరు, తర్వాత విజయవాడ, ఆఖరికి ఏలూరు. ఒకే కంపెనీ, ఒకే మోడలు, ముగ్గురు డీలర్లు. ఎక్స్‌షోరూమ్ ధర ముగ్గురి దగ్గరా ఒకటే. అది కంపెనీ ప్రకటించిన ధర కాబట్టి అందులో వింత లేదు. వింతల్లా కొటేషన్‌లో ‘తగ్గింపు’ అన్న గడిలో ఉంది. అక్కడి అంకె కూడా మూడు కాగితాల్లోనూ రూపాయి తేడా లేకుండా ఒకటే.

ఏలూరు షోరూమ్‌లో సేల్స్ కుర్రాణ్ణి కాస్త గట్టిగానే అడిగాం. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “రేటు మా చేతుల్లో లేదు సార్. ఇంకో ఐదు వేలు తీశానని పైవాళ్లకు తెలిస్తే నా జీతంలో కోత. కావాలంటే మేనేజర్‌తో మాట్లాడి ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాపులు వేయిస్తా.” లేవబోతుంటే నవ్వుతూనే ఇంకో మాట అన్నాడు: “ఫోన్‌లో రికార్డింగేం పెట్టలేదు కదా సార్?”

తిరుగు ప్రయాణంలో హనుమాన్ జంక్షన్ దగ్గర టీకి ఆగినప్పుడు మా వాడు విసుక్కున్నాడు. “మధ్యలో వీళ్లెందుకు బావా? కంపెనీ వాడే నేరుగా అమ్మితే పీడా పోద్ది. ఆ కమిషనన్నా మనకి మిగులుద్ది.”

ఈ మాట మా వాడొక్కడిదే కాదు. కూరగాయల నుంచి కార్ల దాకా, దళారీ పోతే ధర తగ్గుతుందన్నది మనలో చాలామందికి వాదించి నిరూపించాల్సిన పని లేని సంగతి. దానికి జవాబుగా అవతలి వాళ్లు చెప్పేదీ పాతదే: డీలర్ లేకపోతే రేపు బండి ఆగిపోయిన రోజున ఎవరి గుమ్మం ఎక్కుతావు? నేరుగా కొనడమా, డీలర్ దగ్గర కట్టేసిన ధరకు కొనడమా అన్న చర్చంతా ఈ రెండు మాటల మధ్యే తిరుగుతుంది. నాకైతే అసలు సంగతి ఇంకోచోట ఉందనిపిస్తుంది. అమ్మేది ఎవరైనా, ధర తగ్గించే అధికారమున్న మనిషి మన ఎదురుగా కూర్చున్నాడా లేదా? ఆ మనిషి లేనప్పుడు కంపెనీ కౌంటర్లో కొన్నా, డీలర్ బల్ల ముందు కొన్నా జేబుకు పడే బరువు ఒకటే.

ముందు ఆ కమిషన్ సంగతి చూద్దాం. కారు ఫ్యాక్టరీ గేటు దాటిన క్షణం నుంచి అది కంపెనీ లెక్కలో ‘అమ్ముడుపోయిన’ బండి. మన లెక్కలో మాత్రం ఊరి బయట ఏ స్టాక్‌యార్డులోనో దుమ్ము పట్టి నిలబడి ఉంటుంది. ఆ మధ్యకాలంలో దాని బరువు మోసేది డీలర్, బ్యాంకు అప్పుతో, రోజుకింత వడ్డీతో. నెల రోజులకు సరిపడా నిల్వ ఉంటే చాలంటారు డీలర్లు. 2024 సెప్టెంబరు నాటికి ఆ నిల్వ 80, 85 రోజులకు చేరిందని వాహన డీలర్ల సమాఖ్య ఫాడా ప్రకటించింది. దాని లెక్క ప్రకారం 7.9 లక్షల కార్లు, విలువ 79 వేల కోట్ల రూపాయలు. అన్ని బండ్లు అమ్ముడుపోకపోతే నష్టం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. ఏడాది తిరక్కుండానే ఇంకో దెబ్బ. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గి పరిహార సెస్సు ఎత్తేసినప్పుడు, అప్పటికే సెస్సు కట్టి కొనుక్కున్న నిల్వ మీద డీలర్ల ఖాతాల్లో ఉండిపోయిన జమ ఏమవుతుందో తెలియక వాళ్లు కోర్టు మెట్లెక్కారు. పత్రికల్లో అందరూ రాసింది కార్లు చవకయ్యాయని. పండగ ముందు అది ఎవరింట్లో చీకటి మిగిల్చిందో రాసినవాళ్లు తక్కువ.

ఇంత దూరం పోనక్కర్లేదు, మా వీధి చివర కిరాణా కొట్టు చూసినా చాలు. మంగళవారం మధ్యాహ్నం డిస్ట్రిబ్యూటర్ తరఫు లైన్ కుర్రాడు ట్యాబ్ పట్టుకుని వస్తాడు. సబ్బులు పన్నెండుకు ఒకటి ఫ్రీ, టూత్‌పేస్టు ఆరు తీసుకుంటే ఇంత తగ్గింపు అని స్కీములు చదువుతాడు. మర్నాడు బండి వస్తుంది, డబ్బు వచ్చే మంగళవారం ఇస్తే చాలు. ఆ వారం అరువు మీదే కొట్టు నడుస్తుంది. గోడకు ‘అప్పు రేపు’ అన్న బోర్డు ఉంటుంది, దాని కిందే వీధి మొత్తం ఖాతాల పుస్తకం ఉంటుంది. పన్నెండుకొచ్చిన ఆ ఒక్క సబ్బు కొట్టాయన జేబులోకి పోతుందా, పాత ఖాతాదారుకు రెండు రూపాయల తగ్గింపుగా వస్తుందా అన్నది ఆయన ఇష్టం. ధర తగ్గించే చెయ్యి అంటే నా ఉద్దేశం ఇదే. చిన్నదే కావచ్చు, ఉంది.

ఇప్పుడు కంపెనీ వచ్చి ‘నేనే అమ్ముతా’ అన్నదనుకోండి. గోడౌను అద్దె, వడ్డీ, సేల్స్ కుర్రాడి జీతం, షోరూమ్ ఏసీ బిల్లు ఏవీ మాయం కావు. డీలర్ పద్దులోంచి కంపెనీ పద్దులోకి మారతాయంతే. పద్దు మారినప్పుడు మిగులు కనబడితే దాన్ని కొనేవాడికి పంచాలని రూలేం లేదు.

ఈ చర్చకు మన దేశంలో ఒక ప్రత్యేకమైన సరంజామా ఉంది, ఎంఆర్‌పీ. ప్యాకెట్ల మీద ఏమేం ముద్రించాలో చెప్పే నిబంధనలు 1977లోనే వచ్చాయి గానీ, అన్ని పన్నులూ కలుపుకుని గరిష్ఠ ధర వేసి తీరాలన్నది 1990 నుంచే. అంతకుముందు ‘స్థానిక పన్నులు అదనం’ అని ఉండేది. ఆ అదనం ఎంతో కొట్టాయన నోటి మాటే లెక్క. ఆ దోపిడీకి అడ్డుకట్ట వేయడానికి పుట్టిన ఎంఆర్‌పీ, ముప్పై అయిదేళ్లలో జనం నోట అర్థం మార్చేసుకుంది. ‘గరిష్ఠ’ అన్న మాట రాలిపోయి అదే ‘అసలు రేటు’ అయిపోయింది. అంతకన్నా తక్కువకిస్తే దయ, అంతకే ఇస్తే న్యాయం. చట్టం దృష్టిలో అది పైకప్పు మాత్రమే, నేల కాదు. తెలివైన కొట్లు ఆ కప్పునే ప్రకటనకు వాడుకుంటాయి. ‘అన్ని మందులపై 20 శాతం తగ్గింపు’ అన్న బోర్డు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉంది. ధరల నియంత్రణ ఉన్న మందులకు రిటైలర్ లాభాన్ని 16 శాతంగా లెక్కగట్టి గరిష్ఠ ధర నిర్ణయిస్తారు. మరి అన్ని మందుల మీదా 20 ఎలా తీస్తారన్నది ఇంకో వ్యాసానికి సరిపడా సరుకు.

ఇంతకు మించి తగ్గించకూడదు అని తయారీదారు డీలర్‌ను కట్టేస్తే? 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ దీని గురించి మాట్లాడుతుంది. ఫలానా ధరకే తిరిగి అమ్మాలన్న షరతు, అంతకన్నా తక్కువకు అమ్ముకోవచ్చని స్పష్టంగా చెప్పకపోతే, పోటీకి చేటు చేస్తున్నప్పుడు చెల్లదు. కాగితం మీద ఇది పొడిగా కనిపిస్తుంది. మారుతీ సుజుకీ కేసు చదివితే మాత్రం నాటకంలా ఉంటుంది.

ఆ కేసు ఒక ఆకాశరామన్న ఈమెయిల్‌తో మొదలైంది. రాసింది ఒక డీలర్‌నని చెప్పుకున్న వ్యక్తి. కంపెనీ అనుమతించిన తగ్గింపుకు మించి ఇస్తే జరిమానా వేస్తున్నారన్నది ఫిర్యాదు. కాంపిటీషన్ కమిషన్ తవ్విచూస్తే దొరికిన వ్యవస్థ చాలా పకడ్బందీగా ఉంది. కంపెనీ నియమించిన ఏజెన్సీల మనుషులు కొనేవాళ్లలా షోరూములకు వెళ్లేవారు. బేరమాడేవారు. అదనంగా ఏమైనా ఇస్తానంటే ఆ మాటలు రికార్డు చేసి కంపెనీకి పంపేవారు. అక్కడి నుంచి డీలర్‌కు సంజాయిషీ కోరుతూ మెయిల్. సంతృప్తికరంగా లేకపోతే జరిమానా, డీలర్‌కే కాదు, షోరూమ్ మేనేజర్‌కీ, టీమ్ లీడర్‌కీ, బండి అమ్మిన కుర్రాడికీ కూడా. కొన్నిసార్లు సరఫరా ఆపేస్తామన్న బెదిరింపు. ఆ జరిమానా సొమ్ము ఎక్కడ జమ కావాలో, దేనికి ఖర్చు కావాలో కూడా కంపెనీయే చెప్పేదని కమిషన్ తేల్చింది. 2021 ఆగస్టు 23న 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. మేం వెళ్లింది ఆ కంపెనీ షోరూములకు కాదు గానీ, ఆ తీర్పు చదివాకే ఏలూరు కుర్రాడి రికార్డింగు ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైంది. కొనడానికొచ్చిన ప్రతి మనిషిలోనూ ఒక గూఢచారిని చూడాల్సిన ఉద్యోగం అతనిది.

ఇలాంటి ఆరోపణ మీదే 2017లో హ్యుందాయ్‌కి 87 కోట్ల జరిమానా పడింది. మరుసటేడు అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది, కమిషన్ సాక్ష్యాలను తనంతట తాను బేరీజు వేయలేదన్న కారణంతో. అంటే చట్టం ఉంది, రుజువు కష్టం.

కంపెనీల వైపు వాదన కూడా తీసిపారేసేది కాదు. టీవీ కొనాలనుకున్న మనిషి పెద్ద షోరూమ్‌కి వెళ్తాడు. గంటసేపు పది టీవీలు వేయించుకుని చూస్తాడు, ప్రశ్నలడుగుతాడు, వాళ్లిచ్చిన కూల్‌డ్రింకు తాగుతాడు. ఆ తర్వాత మోడల్ నంబరు రాసుకుని, చూపించే ఖర్చు పెట్టని పక్క సందు కొట్లో రెండు వేలు తక్కువకు కొంటాడు. ఇలా కొన్నాళ్లు సాగితే చూపించేవాడు మూసుకోవాల్సిందే. అందుకని ధర అందరి దగ్గరా ఒకటే ఉంటే డీలర్లు సర్వీసులో పోటీ పడతారని కంపెనీలంటాయి. 2007లో అమెరికా సుప్రీంకోర్టును ఒప్పించింది దాదాపు ఈ వాదనే. ఆ కేసు పుట్టింది డాలస్ శివార్లలో, ఇప్పుడు మనవాళ్లు దండిగా ఉండే లూయిస్‌విల్ ప్రాంతంలో. కేస్ క్లోజెట్ అనే ఆడవాళ్ల సామాన్ల దుకాణం బ్రైటన్ బ్రాండు వస్తువుల్ని 20 శాతం తగ్గించి అమ్మింది. తయారీదారు లీజిన్ సరుకు ఆపేసింది. 1911లో ఒక మందుల కంపెనీ కేసులో, ధర కట్టేయడం దానంతటదే నేరమని అదే కోర్టు చెప్పి ఉంది. తొంభై ఆరేళ్ల తర్వాత 5-4 తేడాతో ఆ మాట వెనక్కి తీసుకుని, ఒక్కో కేసులో మంచీచెడూ తూచి చూడాలంది. మధ్యలో ఇంకో మలుపు కూడా ఉంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో చిన్న దుకాణాల్ని కాపాడటానికని, ధర కట్టేయడాన్ని అనుమతించిన రాష్ట్రాల చట్టాలకు 1937లో అమెరికన్ కాంగ్రెసే అండగా నిలిచింది, 1975లో ఆ అండ తీసేసింది. ఒక్క శతాబ్దంలో ఇన్ని పల్టీలు కొట్టిన ప్రశ్న కాబట్టి జవాబు సూటిగా ఉండదని తేలుతోంది.

పుస్తకాల విషయంలో యూరప్ చేసింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బ్రిటన్‌లో 1900 నుంచి ప్రచురణకర్తలంతా కలిసి, వేసిన ధర కన్నా తక్కువకు అమ్మిన దుకాణానికి సరుకివ్వబోమని ఒప్పందం చేసుకున్నారు. అది 1990ల మధ్య దాకా నిలిచి కూలింది, 1997లో కోర్టు చట్టవిరుద్ధమని కూడా చెప్పేసింది. ఫ్రాన్స్, జర్మనీ ఇందుకు పూర్తిగా ఎదురుదారి పట్టాయి. ఫ్రాన్స్ 1981లో చట్టమే చేసింది: పుస్తకం మీద అయిదు శాతానికి మించి తగ్గించకూడదు. జర్మనీ 2002లో పాత ఆచారాన్ని చట్టంగా మార్చింది. వీధి చివర పుస్తకాల కొట్టు బతకాలన్నది వాళ్ల లెక్క. మన విజయవాడ పుస్తకాల పండగలో చట్టమేదీ లేకుండానే స్టాలు తర్వాత స్టాల్లో అదే పది శాతం తగ్గింపు. రచయితే బల్ల వేసుకుని కూర్చున్నా అంతే. పంపిణీదారుకు పోయే కమిషన్ మిగిలిందని రచయిత ఆనందిస్తాడు, పాఠకుడు మాత్రం అదే ధర కట్టి సంతకం అదనంగా తీసుకుంటాడు. అది తక్కువ లాభమేం కాదు లెండి.

ఇక నేరుగా అమ్మే కంపెనీల దగ్గరికి వద్దాం. మెర్సిడెస్ బెంజ్ 2021లో మన దేశంలో అమ్మకాల పద్ధతి మొత్తం మార్చింది. ఇప్పుడు బండ్ల నిల్వంతా కంపెనీదే. బిల్లు కంపెనీ పేరు మీదే వస్తుంది. పాత డీలర్లు షోరూమ్ నడుపుతూ కమిషన్ తీసుకునే భాగస్వాములయ్యారు. ఎక్స్‌షోరూమ్ ధర దేశమంతటా ఒకటే. డీలర్లకు నిల్వ భారం, వడ్డీ బెంగ తప్పింది. కొనేవాడికి దేశంలో ఎక్కడున్న బండైనా ఎంచుకునే వీలొచ్చింది. ఇదంతా నిజమే. కానీ ఒక్కసారి దీన్ని మారుతీ కేసు పక్కన పెట్టి చూడండి. డీలర్‌ను ‘ఇంతకన్నా తగ్గించకు’ అని కట్టేస్తే 200 కోట్ల జరిమానా. డీలర్‌ను పూర్తిగా పక్కకు తప్పించి, అదే ఒకే ధరకు తనే అమ్ముకుంటే ఏ తప్పూ లేదు, తన సరుకు తన ఇష్టం. చట్టం పుస్తకంలో ఈ రెంటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. కొనేవాడి జేబులోంచి చూస్తే, హైదరాబాదు డీలర్ దగ్గర కుదరని బేరం బెంగళూరు డీలర్ దగ్గర కుదురుతుందన్న ఆశ రెండు చోట్లా ఒకే రకంగా చచ్చింది. చట్టం చూసేది ఒప్పందాన్ని, ధరను కాదు. తయారీదారులు ఆ సందు కనిపెట్టారని నా అనుమానం. అయితే అందరికీ ఇది అచ్చిరాలేదు. జాగ్వార్ ల్యాండ్‌రోవర్ బ్రిటన్‌లో ఇలాంటి ఏజెన్సీ పద్ధతే పెట్టాలనుకుని 2024లో మానుకుంది.

నేరుగా కొంటే చవకన్న నమ్మకానికి మంచి విరుగుడు యాపిల్ దుకాణం. 2020లో ఆన్‌లైన్ స్టోరు, 2023 ఏప్రిల్‌లో ముంబైలో మొదటి సొంత దుకాణం తెరిచింది. అక్కడ ఫోను చక్కగా చూపిస్తారు, ఓపిగ్గా వివరిస్తారు, ధర దగ్గర మాత్రం బేరం ఉండదు. అదే ఫోను అమీర్‌పేటలో ఏ పెద్ద మొబైల్ కొట్టుకెళ్లినా పండగనో, ఇంకో పేరు చెప్పో కొంత దిగుతుంది. కంపెనీ తన కౌంటర్లో ధర తగ్గిస్తే తన సరుకే అమ్ముతున్న వేల దుకాణాలు ఎదురు తిరుగుతాయి. అందుకే తయారీదారు సొంత దుకాణం చాలాసార్లు అన్నిటికన్నా ఖరీదైన చోటవుతుంది. మనవాళ్లు 99తో ముగిసే ధరను ‘బాటా రేటు’ అనడం ఊరికే రాలేదు. కంపెనీ సొంత కొట్టూ, అచ్చేసిన ధరా, బేరం లేకపోవడమూ కలిసి వస్తాయని ఆ మాటకు ఎప్పుడో తెలుసు.

అమెరికాలో టెస్లా కథ వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో కార్ల కంపెనీ నేరుగా అమ్మకూడదన్న చట్టాలున్నాయి. పెద్ద కంపెనీలు తమ డీలర్లకు పోటీగా సొంత కొట్లు పెట్టి వాళ్లను ముంచకుండా ఇరవయ్యో శతాబ్దంలో చేసుకున్న రక్షణ అది. అసలు డీలర్లే లేని టెస్లాకు అదే సంకెల అయింది. కంపెనీ ప్రధాన కార్యాలయం 2021లో టెక్సస్‌కు మారింది, అయినా ఆస్టిన్‌లో ఉండే మనవాడు ఊరి పక్క ఫ్యాక్టరీలో తయారైన కారు కొనాలంటే కాగితాల్లో అది బయటి రాష్ట్రపు అమ్మకంగానే నడవాలి. టెస్లా మద్దతుదారులు చెప్పే మంచి మాట ఒకటుంది: 2021, 22 చిప్‌ల కరువులో డీలర్లు స్టికర్ ధర మీద వేల డాలర్లు అదనంగా గుంజారు, టెస్లాలో అందరికీ ఒకటే ధర. నిజమే, కానీ ఆ ఒకటే ధర ఏ రాత్రికారాత్రైనా మారుతుంది. 2023 జనవరిలో ధరలు ఒక్కసారిగా తగ్గాయి, అమెరికాలో కొన్ని మోడళ్ల మీద 20 శాతం దాకా. చైనాలో, అంతకు కొద్దిరోజుల ముందే కొన్నవాళ్లు దుకాణాల ముందు ధర్నా చేశారు. పక్కవాడు బేరమాడి తక్కువకు కొన్నాడంటే మన చేతగానితనమని సరిపెట్టుకుంటాం. కంపెనీయే వారం తేడాతో మోసం చేసిందనిపిస్తే సరిపెట్టుకోవడం కష్టం. మన దేశంలో అలాంటి అడ్డుచట్టం లేదు. 2025 జులైలో ముంబైలో తెరిచిన టెస్లా దుకాణం నేరుగానే అమ్ముతోంది, తెరిచినప్పుడు మోడల్ వై ధర 59.89 లక్షల నుంచి మొదలైంది. అది కొనేవాళ్లకు నా సలహా అవసరం లేదు.

సామాన్యుడి స్థాయిలో మనకు దొరికిన పెద్ద ప్రయోగం ఓలా ఎలక్ట్రిక్. డీలర్లు లేకుండా, ఫోన్‌లో బుక్ చేస్తే ఇంటికి స్కూటర్ అన్న మాటతో 2021 ఆగస్టు 15న బయటికొచ్చింది. ధరలో ఊపు చూపించింది. 2024 ఫిబ్రవరిలో ఒక్క దెబ్బకు 25 వేల దాకా తగ్గించింది. ఆ లెక్కన, నేరుగా అమ్మితే ధర తగ్గుతుందన్నవాళ్లది సగం గెలుపు. మిగతా సగం సర్వీసు దగ్గర పోయింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఏడాదిలో పది వేలకు పైగా ఫిర్యాదులొచ్చాక 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. అంతకుముందు నెలలోనే కలబురగిలో ఒక కొనుగోలుదారు షోరూమ్‌కే నిప్పు పెట్టాడు. చేసింది నేరం, సమర్థించలేం. కానీ డీలర్ అన్నవాడు ఊరివాడు. బండి చెడిపోతే అతని బంధువు ఎవరో, అతని కొట్టుకు అప్పిచ్చింది ఎవరో మనకు తెలుసు. మాట పోతుందన్న భయం అతనికుంటుంది. యాప్‌కి ఆ భయం ఉండదు. ఆ ఏడాది చివరికి కంపెనీ దుకాణాల సంఖ్యను 4,000కు పెంచుకుంది. డీలర్‌ను తీసేసి డీలర్ చేసే పనంతా తిరిగి తెచ్చుకోవడమన్నమాట.

డీలర్‌ది ఎప్పుడూ పైచెయ్యేం కాదు. జనరల్ మోటార్స్ 2017లో, ఫోర్డ్ 2021లో మన మార్కెట్ వదిలి వెళ్లినప్పుడు బలైంది డీలర్లే, అందుకే ఫ్రాంచైజీ రక్షణ చట్టం కావాలని అడుగుతున్నారు. ఆ చట్టం వస్తే అమెరికాలో లాగే రేపు ఇంకెవరినో అడ్డుకునే గోడ అవుతుందేమో కూడా చూసుకోవాలి.

డీలర్లూ డిస్ట్రిబ్యూటర్లూ ఎదురుతిరిగిన రోజులూ ఉన్నాయి. 2022 జనవరిలో మహారాష్ట్ర డిస్ట్రిబ్యూటర్లు కోల్గేట్‌లో కొన్ని రకాల్ని ఆపేశారు, పెద్ద ఆన్‌లైన్ సంస్థలకు తమకన్నా తక్కువకు సరుకిస్తున్నారని. 2024 మేలో దక్షిణాది మొబైల్ గొలుసు దుకాణాలు, మన రెండు రాష్ట్రాల్లోవీ కలుపుకుని, వన్‌ప్లస్ అమ్మడం మానేశాయి. వాళ్ల గొడవ లాభం చాలడం లేదని. తర్వాత సర్దుకుంది. ఈ గొడవలన్నిటిలోనూ కొనేవాడి పేరు ప్రకటనల్లో మాత్రమే వినపడుతుంది.

తయారుచేసేవాడు చిన్నవాడైతే లెక్క తిరగబడుతుంది. భూదాన్ పోచంపల్లిలో ఒక నేతన్నతో మాట్లాడుతున్నప్పుడు ఈ సంగతి తేటపడింది. ఆయన చాలా ఏళ్లు మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో, చెప్పిన డిజైన్ నేసి మజూరీ తీసుకున్నాడు. కొడుకు ఫోను కొన్నాక సొంతంగా నేసి ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మొదలెట్టారు. దుకాణంలో పలికే ధరకన్నా తక్కువకిచ్చినా మజూరీకన్నా చాలా ఎక్కువే మిగిలింది. మరి హాయేగా అన్నాను. “ఒక పడుగు మీద ఏడు చీరలొస్తయి సార్. మొదటి రెండూ ఫొటో పెట్టంగనే పోతయి. మిగతా అయిదు పెట్టెలుంటయి. పట్టుకు, రంగుకు పెట్టిన పైసలన్నీ ఆ అయిదింట్లనే ఉంటయి,” అన్నాడు. వెనక్కొచ్చిన చీర గురించి కూడా చెప్పాడు. రంగు ఫొటోలో లాగా లేదని ఎవరో తిప్పి పంపారు, మడత నలిగింది, రెండోసారి అమ్మాలంటే తగ్గించాల్సిందే. మాస్టర్ వీవర్ దగ్గర ఆ అయిదు చీరల బెంగ ఆయనది కాదు. ఇక్కడ ధర తగ్గించే చెయ్యి నేసినవాడిదే. తగ్గించేది తన కూలిలోంచే.

రైతు బజార్లది ఇంకో తీరు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. పండించినవాడు నేరుగా అమ్ముతాడు, ధర మాత్రం రోజూ పొద్దున హోల్‌సేల్‌కూ బయటి చిల్లరకూ మధ్యన నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. అంటే నేరు అమ్మకమూ కట్టేసిన ధరా రెండూ ఒకే షెడ్డు కింద. మన వ్యవస్థల్లో ఇంత తెలివైనది అరుదు. గుర్తింపు కార్డుల మీద వ్యాపారులు కూర్చుంటారన్న ఆరోపణ మొదటి నుంచీ ఉంది, అయినా బోర్డు చూసి బయటి బండివాడితో బేరమాడే వీలు ఊరందరికీ దొరికింది. పది గంటలు దాటాక వాడిపోతున్న తోటకూర కట్ట దగ్గర నిలబడి చూడండి: బోర్డు బోర్డే, రైతు చెయ్యి మాత్రం ఇంకో కట్ట సంచిలో పడేస్తుంది.

ధరను మరీ బిగించి కట్టేస్తే ఏమవుతుందో యూరియా బస్తా చెబుతుంది. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, దేశమంతా ఒకటే, ప్రభుత్వం కట్టిన ధర. డీలర్‌కు టన్నుకు 354 రూపాయలు, అంటే బస్తాకు పదహారు రూపాయల లోపు. హమాలీ, గోడౌను, ఈ-పాస్ మిషన్ దగ్గర కూర్చునే మనిషి అన్నీ అందులోనే. ధర పెంచే దారి లేదు, దాంతో ‘లింకు’ పుట్టింది: యూరియా కావాలంటే ఇంకో డబ్బా, ఇంకో ప్యాకెట్, ఈమధ్య ఒక నానో యూరియా సీసా కూడా కొనాలి. కేంద్రం వద్దని ఎన్నిసార్లు చెప్పినా 2025 వానాకాలంలో తెలంగాణలో చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి నిలబడ్డ రోజుల్లో వద్దనగల రైతు ఎవరు? బేరం చచ్చిపోలేదు. పక్కకు జరిగి, అవతలివాడి చేతిలోకి పోయింది.

మా బావమరిది కారు విషయానికొస్తే, చివరికి విజయవాడలోనే కొన్నాడు. బుకింగ్ రోజున కాగితం మీద వరసలు చదువుతూ బీమా దగ్గర ఆగాడు. ఆన్‌లైన్‌లో అదే పాలసీ తొమ్మిది వేలు తక్కువకు కనబడుతోంది, బయట చేయించుకుంటానన్నాడు. బీమా ఎక్కడైనా తీసుకునే హక్కు కొనేవాడిదే. అంతదాకా అక్కడ కూడా ‘రేటు మా చేతుల్లో లేదు సార్’ అన్న సేల్స్ మేనేజర్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “బయట చేయించుకుంటే డెలివరీ డేట్ మాత్రం గ్యారంటీ చెప్పలేను సార్.”

మా వాడు నా వైపు చూశాడు. మేనేజర్ కాలిక్యులేటర్ తీశాడు. “సరే, మీరెంత అనుకుంటున్నారో చెప్పండి.”